తోలు అడుగున్న ఖరీదైన బూట్లకు రబ్బరు హాఫ్ సోల్ వేయడం

తోలు అడుగున్న బూట్లు తివాచీలు, చెక్క నేలలు ఉన్న చోటికి బాగుంటాయి. వరంగల్, హనుమకొండ ఫంక్షన్ హాళ్లలో వాటికి దొరికేది నున్నగా పాలిష్ పట్టిన గ్రానైటు, చేతులు కడిగే చోట నిలిచిన నీళ్లు, బయట పార్కింగులో మొరం, కంకర. గ్రానైటు మీద కొత్త తోలు జారుతుంది. కంకర మీద అరుగుతుంది. ఇక తడి తగిలితే తోలు పీచు ఉబ్బి మెత్తబడుతుంది, మెత్తబడ్డ తోలు పొడి తోలు కంటే ఎంతో తొందరగా పోతుంది. ముందు పోయేది ముక్కు దగ్గరి అంచు. అక్కడి అరుగుడు వెల్ట్ దాకా, అంటే పై తోలును అడుగుతో కలిపే పట్టీ దాకా పాకితే ఆ రిపేరు రోడ్డు పక్కన అయ్యే పని కాదు.

పాదం ముందు భాగం కింద 1 నుంచి 2 మి.మీ. మందం రబ్బరు, అంటే హాఫ్ సోల్, అతికిస్తే ఈ బాధలన్నీ ఆ రబ్బరే పడుతుంది. అరిగాక దాన్ని తీసి కొత్తది వేసుకోవచ్చు, అసలు తోలు చెక్కుచెదరదు. పని పెద్ద కష్టం కాదు గానీ, అతికించిన నెలకే ఊడొచ్చే హాఫ్ సోళ్లు చాలానే ఉంటాయి. వాటిని చూసి జనం అతికించిన సొల్యూషన్‌ను (జిగురును) తిడతారు. తప్పు ఎక్కువసార్లు సొల్యూషన్‌ది కాదు. తోలు మీది మెరుపు పూర్తిగా గీకకపోవడమో, ఆరకముందే అతికించడమో అయి ఉంటుంది.

ఏ బూటుకు వేయాలి, ఎప్పుడు వేయాలి

తోలు సోల్‌కు మాత్రమే. సోల్ పక్క అంచు చూస్తే తోలు పొరలు తెలుస్తాయి. అరిగిన చోట ఒక నీటి చుక్క వేసి నిమిషం ఆగితే తోలు దాన్ని పీల్చి నల్లబడుతుంది. ముందే రబ్బరు, టీపీఆర్ (ప్లాస్టిక్‌లా కరిగించి అచ్చు పోసే రబ్బరు), పీయూ (పాలీయురెథేన్) సోల్ ఉన్న బూట్లకు ఈ పద్ధతి పనికిరాదు. ముఖ్యంగా పీయూ సోల్ వాడకపోయినా తేమకు ఏళ్ల మీద పొడిపొడిగా రాలుతుంది, దాని మీద ఏది అతికించినా దాంతోపాటే రాలుతుంది.

బూటు లోపల చెయ్యి పెట్టి అడుగు అట్ట మీద చుట్టూ కుట్టు తగులుతోందేమో చూడండి. తగిలితే అది బ్లేక్ కుట్టు. లోపలి అట్ట నుంచి బయటి సోల్ దాకా ఒకటే దారం దిగుతుంది కాబట్టి కింది తడి ఆ రంధ్రాల గుండా పైకి వస్తుంది. ఇలాంటి బూట్లకు హాఫ్ సోల్ వల్ల లాభం ఎక్కువ. గుడ్‌ఇయర్ వెల్ట్ బూట్లకు, అంటే సోల్‌ను వెల్ట్ పట్టీకి వేరే కుట్టుతో కుట్టిన వాటికి, తర్వాతెప్పుడైనా సోల్ మొత్తం మార్చించుకోవచ్చు కాబట్టి తొందర కొంచెం తక్కువే. అయినా మంచి సోల్ ఉన్నప్పుడే కాపాడుకోవడం చవక.

కొత్త బూటు పెట్టె విప్పిన రోజే అతికించకండి. ముందు మూడు నాలుగు సార్లు ఇంట్లో, ఆఫీసులో పొడి నేల మీద తొడిగి నడవండి. సోల్ పాదం వంగే చోట వంగడం నేర్చుకుంటుంది, ముక్కు కొంచెం పైకి లేస్తుంది. బిగుసుకుని ఉన్న సోల్‌కు అతికిస్తే, తర్వాత అది వంగినప్పుడల్లా అతుకు మీదే లాగుడు పడుతుంది.

బాగా వాడిన బూటయితే ముందు భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలికి మెత్తగా దిగితే తోలు పలచబడిపోయింది. దానికి హాఫ్ సోల్ వేయడం దండగ, సోల్ మొత్తం మార్చాల్సిందే.

రబ్బరు, సొల్యూషన్

మగవాళ్ల బూట్లకు 1.8 లేదా 2 మి.మీ., ఆడవాళ్ల సన్న సోల్ హీల్స్‌కు 1 మి.మీ. అంతకు మించొద్దు. బూటు ముందు భాగం ఎత్తు, మడమ ఎత్తు ఒక లెక్క ప్రకారం చేసి ఉంటాయి. ముందు 4, 5 మి.మీ. షీటు వేస్తే ముక్కు లేచి బరువంతా మడమ మీదికి పోతుంది, నడక తేడా కొడుతుంది. చెప్పుల రిపేరుకు మామూలుగా వాడే మెత్తటి మైక్రో షీటు ఇందుకే వద్దంటాం. అది మందం, పైగా కంకర మీద తొందరగా తెగుతుంది. ఇటలీ కంపెనీ వైబ్రమ్, ఫ్రాన్స్ కంపెనీ టోపీ (Topy) ఇందుకోసమే పలచటి గట్టి రబ్బరు హాఫ్ సోళ్లు చేస్తాయి. మన ఊళ్లలో చెప్పుల సామాన్ల షాపుల్లో వెతికే బదులు ఆన్‌లైన్లో తెప్పించుకోవడం మేలు. నలుపు, గోధుమ, లేత తోలు రంగు దొరుకుతాయి. షీటుగా కొంటే ఒక్కో కాలికి 12 సెం.మీ. వెడల్పు, 17 సెం.మీ. పొడవు ముక్క ఉంటే పెద్ద సైజు బూటుకూ సరిపోతుంది.

అతికించడానికి కావాల్సింది నియోప్రీన్ కాంటాక్ట్ సొల్యూషన్, అంటే రెండు వైపులా పూసి, ఆరాక కలిపి నొక్కే కృత్రిమ రబ్బరు జిగురు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 ఈ రకమే. వడ్రంగులు సన్‌మైకా అతికించేది ఇదే. ఒక జతకు రెండు పూతలకు 30 మి.లీ. దాటదు, చిన్న డబ్బా చాలు. తెల్ల ఫెవికాల్ నీళ్లతో చేసింది, తడికి వదులుతుంది. ఫెవిక్విక్, అరాల్డైట్ ఆరాక గాజులా బిరుసెక్కి, సోల్ వంగగానే పగులుతాయి. సైకిల్ పంక్చర్ల సొల్యూషన్ ట్యూబుకు పని చేస్తుంది గానీ తోలుకు ఈ బరువు ఆపలేదు.

ఇవి కాక 60, 80, 120, 220 నంబర్ల ఎమిరీ పేపర్, మాస్కింగ్ టేపు, కొంచెం థిన్నర్, గట్టి బ్రష్షు, కొత్త బ్లేడున్న కట్టర్, హెయిర్ డ్రయ్యర్, చిన్న సుత్తి. బూటు లోపల పెట్టే చెక్క షూ ట్రీ ఉంటే పని సగం సులువు. లేకపోతే పాత గుడ్డలు గట్టిగా కూరినా నడుస్తుంది.

గీత ఎక్కడ పడాలి

బూటును చదునైన బండ మీద పెట్టి, పక్క నుంచి ఒక కాగితాన్ని అడుగు కిందికి తోయండి. కాగితం ముందుకు పోకుండా ఆగిన చోటు నేలకు ఆనే భాగానికి చివర. అక్కడి నుంచి మడమ వైపు 1 నుంచి 1.5 సెం.మీ. వెనక్కు, సోల్ సన్నబడడం మొదలయ్యే చోట, అడ్డంగా గీత గీయండి. రబ్బరు అక్కడ ఆగాలి. గీత ముందుకు పడితే రబ్బరు వెనక అంచు ప్రతి అడుగుకూ నేలను రాసుకుని లేస్తుంది. మరీ వెనక్కు పోతే లోపలికి వంగిన ఒంపులో రబ్బరు సరిగా కూర్చోదు. రెండు బూట్లనూ పక్కపక్కన తలకిందులుగా పెట్టి రెండు గీతలూ ఒకేలా ఉన్నాయో లేదో చూశాకే ముందుకు పోండి. ఒకటి అటూ ఇటూ అయితే కాలు మీద కాలేసుకుని కూర్చున్నప్పుడు ఎదుటివాళ్లకు కనపడేది అదే.

గీతకు మడమ వైపున మాస్కింగ్ టేపు అంటించండి. పై తోలు చుట్టూ కూడా సోల్‌ను ఆనుకుని టేపు వేయండి. ఒక్కసారి ఎమిరీ పేపర్ జారి పై తోలుకు తగిలితే ఆ గీత పాలిష్‌తో పోదు.

గీకడం

ముందు థిన్నర్ తడిపిన గుడ్డతో సోల్ తుడవండి. పాలిష్ మైనం, నూనె ఉండగానే గీకితే అవి పీచులోకి ఇంకా లోతుకు దిగుతాయి. అది ఆరాక 60 నంబర్ ఎమిరీ పేపర్‌ను చిన్న చెక్క ముక్కకు చుట్టి గీకండి. కంపెనీ వేసిన మెరుపు పూత, రంగు, ముద్రించిన పేరు, అన్నీ పోవాలి. పోవడమంటే గీతలు పడడం కాదు, మచ్చ లేకుండా ఒకే రంగులో సన్నని నూగు లేవాలి. కళ్లు మధ్యలో చూస్తాయి గానీ ఊడుడు మొదలయ్యేది అంచు దగ్గర, అందులోనూ ముక్కు దగ్గర. చివరి 5 మి.మీ. మీద రెట్టింపు ఓపిక పెట్టండి. అట్లని అంచును గుండ్రంగా అరగదీయొద్దు. అంచు గుండ్రమైతే రబ్బరుకూ తోలుకూ మధ్య సన్న సందు మిగులుతుంది, ఇసుక రేణువులు దూరేది అందులోకే. 60 తర్వాత 80తో ఒకసారి తేల్చండి.

కుట్టు పైకి కనిపించే సోల్ అయితే జర పైలం. దారాన్ని గీకితే సోల్ పట్టు పోతుంది. కుట్టుకు ఇటూ అటూ గీకి, దారం మీద బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

దుమ్మును పొడి బ్రష్షుతోనే దులపాలి, తడి గుడ్డ వాడొద్దు. గీకిన చోట మళ్లీ వేలు పెట్టొద్దు, వేలి జిడ్డు కూడా అతుకును చెడగొడుతుంది.

రబ్బరునూ గీకాలి. అచ్చులోంచి వచ్చిన రబ్బరు మీద కంటికి కనిపించని జారుడు పొర ఉంటుంది. అతికించే వైపు నున్నగా మెరుస్తుంటే 80 నంబర్‌తో మెరుపు చచ్చేదాకా రుద్ది, దుమ్ము దులిపి, థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. కొన్నిటికి కంపెనీ వాళ్లే ఆ వైపు గరుకు చేసి పంపుతారు, వాటికి తుడుపు ఒక్కటే. ఆ తర్వాత బూటు సోల్ ఆకారం కంటే చుట్టూ 3, 4 మి.మీ. ఎక్కువ ఉంచి కోయండి. వెనక అంచు మాత్రం గీతకు సరిగ్గా సరిపోవాలి. ఆ అంచును నేల వైపు నుంచి ఒక సెంటీమీటరు దూరం ఏటవాలుగా చెక్కి, చివరకు అర మి.మీ. మందమే మిగిలేట్టు చేయండి. మోచీల చేతిలోని రంపె (తోలు చెక్కే కత్తి) ఈ పనికి కట్టర్ కంటే వంద రెట్లు నయం.

సొల్యూషన్, ఆరబెట్టడం

కిటికీలు తెరవండి. గ్యాస్ స్టవ్, అగరొత్తి, సిగరెట్ ఏవీ దగ్గర ఉండొద్దు. ఈ ఆవిరి మండుతుంది, తల తిప్పుతుంది. పిల్లలున్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

తోలు మీద మొదటి పూత పలచగా వేసి లోపలికి రుద్దండి. పీచు దాన్ని పీల్చుకుంటుంది, పది నిమిషాల్లో చూస్తే ఏమీ వేయనట్టే కనపడుతుంది. అదే మామూలు. 20 నిమిషాలు ఆగి రెండో పూత వేయండి. రబ్బరు పీల్చుకోదు కాబట్టి దానికి ఒక పూత చాలు, తోలుకు రెండోది వేసేటప్పుడే దానికీ వేయండి. పూత మందమైతే బలం పెరగదు, తగ్గుతుంది. పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

ఇప్పుడు ఆగాలి. ఎండాకాలం 10 నిమిషాలు, చలికాలం 20 నిమిషాలు. లెక్క గడియారానిది కాదు, వేలిది. వేలి వెనక భాగంతో తాకితే జిగురుగా అనిపించాలి గానీ వేలికి అంటుకుని రాకూడదు, తీగ సాగకూడదు. అంటుకుంటే ఇంకా పచ్చి. అసలు జిగురే లేకపోతే ఆలస్యమైనట్టు. అలాంటప్పుడు గీకి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో రెండు వైపులా నిమిషం వేడి చేస్తే మళ్లీ మెరుపు వచ్చి జిగురు లేస్తుంది. నిజానికి సమయానికి ఆరినా సరే, అతికించే ముందు కొంచెం వేడి చూపిస్తే పట్టు పెరుగుతుంది.

వానాకాలం సంగతి వేరే. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిన రోజు ఈ పని చేయొద్దు. సొల్యూషన్‌లోని ద్రవం ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది, తేమ గాలి దాని మీద కంటికి కనపడని నీటి పొరగా కూర్చుంటుంది. పూత కొంచెం తెల్లగా మసకబారినట్టు కనిపిస్తే అదే. అట్లా అతికించింది చేత్తో లాగితే వస్తుంది. తప్పనిసరైతే తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో గంటసేపు ఉంచిన బూటుకు, పూతల మధ్య హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని చేయండి. పూత వేసేటప్పుడు మాత్రం ఆవిరి పోవడానికి తలుపు తెరవాలి, మండే ఆవిరి నిండి ఉండగా డ్రయ్యర్ ఆన్ చేయొద్దు. ఈ తలనొప్పి కంటే ఎండ కాసే రోజు దాకా ఆగడమే నయం. వానలో తడిసిన బూటయితే కనీసం రెండు రోజులు నీడలో ఆరాలి.

అతికించడం, కోయడం

కాంటాక్ట్ సొల్యూషన్‌కు రెండో అవకాశం లేదు. ఒకసారి తగిలితే జరపలేం. వెనక అంచును గీతకు ఆనించి, రబ్బరు ముందు భాగాన్ని పైకి ఎత్తి పట్టుకుని, వెనక నుంచి ముక్కు వైపు కొంచెం కొంచెంగా దించుకుంటూ రండి. ప్రతిసారీ మధ్య నుంచి పక్కలకు బొటనవేళ్లతో తోయాలి. ఒకేసారి పడేస్తే మధ్యలో గాలి బుడగ ఇరుక్కుంటుంది.

ఈ అతుకుకు ఎంతసేపు నొక్కారన్నది ముఖ్యం కాదు, ఎంత గట్టిగా నొక్కారన్నదే ముఖ్యం. రాత్రంతా మీద పుస్తకాలు పేర్చడం కంటే సుత్తితో ఐదు నిమిషాలు కొట్టడం మేలు. షూ ట్రీ లోపల పెట్టి, బూటును తలకిందులుగా ఒడిలో పట్టుకుని, మధ్య నుంచి అంచులకు దగ్గరదగ్గరగా చిన్న దెబ్బలు వేయండి. మోచీ దగ్గరుండే మూడు కాళ్ల ఇనుప దిమ్మె మీదయితే ఇంకా బాగా కూర్చుంటుంది. కొట్టే ముందు దానికి గుడ్డ కప్పమనండి, లేకపోతే లోపలి తోలుకు గీతలు పడతాయి.

గంట ఆగి, మిగిలిన అంచును కొత్త బ్లేడుతో కోయండి. బ్లేడు మొన పై తోలు వైపు ఎప్పుడూ తిరగకూడదు. అర మి.మీ. ఉంచి కోసి, మిగతాది 120తో, తర్వాత 220తో అంచు పొడవునా రుద్ది సమం చేయండి. అడ్డంగా రుద్దితే తాజా అతుకు లేస్తుంది. చివర అంచుకు సోల్ రంగు మైనం పాలిష్ రెండుసార్లు పట్టిస్తే రబ్బరు గీత కలిసిపోతుంది. 24 గంటలు తొడగొద్దు, రెండు రోజులయితే ఇంకా మంచిది.

ఊడితే కారణం చదవడం

ఊడిన ముక్కను పారేయకుండా చూడండి. సొల్యూషన్ అంతా రబ్బరుకే ఉండి తోలు బోసిగా కనిపిస్తే తోలును సరిగా గీకలేదు, లేదా మైనం మిగిలింది. తోలుకే ఉండి రబ్బరు నున్నగా ఉంటే రబ్బరును గీకలేదు. రెండు వైపులా సగం సగం తీగలు సాగినట్టు ఉంటే పచ్చిగా ఉండగా అతికించారు. రెండు వైపులా పూత ఉండి ఒకదానికొకటి పట్టకపోతే మరీ ఆరిపోయింది, లేదా తేమ కూర్చుంది. ముక్కు ఒక్కటే లేచిందంటే అంచు దాకా పూత పోలేదు, లేదా గడపలకు, మెట్లకు తన్నుకుంటోంది. ముక్కు వరకు చిన్న రిపేరే: కొంచెం వేడి చేసి తెరిచి, ఇసుక తీసి, రెండు వైపులా గీకి, అగ్గిపుల్లతో సొల్యూషన్ పెట్టి ఆరాక నొక్కడం.

మే నెల మధ్యాహ్నం మూసిన కారులో బూట్లు వదిలేయడం కూడా ఊడడానికి ఒక దారి. కారు లోపల వేడికి సొల్యూషన్ మెత్తబడుతుంది. గుడి ముందు చెప్పుల స్టాండులో ఎండకు పెట్టినా అంతే గానీ, అక్కడ పోయే ప్రమాదం ముందు అది చిన్నది.

హీల్స్, ఎర్ర సోళ్లు, మోజ్రీలు

ఆడవాళ్ల హీల్స్ సోల్ సన్నం కాబట్టి గీకుడు తేలికగా 80తోనే, సుత్తి దెబ్బలు ఇంకా తేలికగా ఉండాలి. మడమ చివరి చిన్న ముక్క వేరే పని, దాన్ని విడిగా మార్చుకోవాలి. క్రిస్టియన్ లూబుటాన్ బ్రాండు లాంటి ఎర్ర సోళ్ల మీద ఉన్నది రంగు పూత. దాని మీదే అతికిస్తే పూతతో సహా ఊడొస్తుంది. కాబట్టి రబ్బరు పడేంత మేర ఎరుపును గీకేయాల్సిందే. మనసు ఒప్పుకోకపోతే వేయించకండి. నడిచినా ఆ ఎరుపు ఎలాగూ పోతుంది. ఎరుపు రబ్బరు 1 మి.మీ. మందంలో దొరుకుతుంది, వెనక నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు.

పెళ్లికొడుకుల తోలు మోజ్రీలకూ ఇదే పద్ధతి గానీ, వాటి అడుగు చాలాసార్లు పొరలు పొరలుగా అతికించి చేత్తో కుట్టింది. 120తో పైపైన గీకండి, థిన్నర్ చాలా తక్కువ వాడండి. ఎక్కువైతే లోపలి పొరల జిగురు కూడా వదులుతుంది. అడుగు మొత్తం ఒకే మట్టంగా ఉంటుంది కాబట్టి హాఫ్ సోల్ కాకుండా మడమ దాకా ఒకే ముక్క 1 మి.మీ. వేయడం మంచిది.

మోచీతో చేయించేటట్టయితే

చేతి నైపుణ్యం వాళ్లకు ఉంది, అలవాటు మాత్రం వేరే. మామూలు బూట్లు ఎక్కువ రోజులు రావాలని సోల్ చుట్టూ మందపు దారంతో కుట్టు వేస్తారు, ముక్కు దగ్గర మొలలు కొడతారు. ఖరీదైన బూటుకు ఆ రెండూ చేటే. కుట్టు వెల్ట్‌ను చీల్చుకుంటూ పోతుంది, మొల సోల్‌లో తడికి దారి ఇస్తుంది. అడుగుకు కొట్టే ఇనుప నాడా (లాడం లాంటి ముక్క) కూడా వద్దు, గ్రానైటు మీద తోలు కంటే ఎక్కువ జారుతుంది. రబ్బరు, సొల్యూషన్ మీరే తీసుకెళ్లి, "అన్నా, కుట్టు వద్దు, మొల వద్దు. మంచిగ గీకి, రెండు పూతలేసి, ఆరినంక అతికియ్యి. నేను సాయంత్రం వస్త" అని చెప్పి వెళ్లిపోండి. ఎదురుగా నిలబడితే తొందరలో పచ్చిగానే అతికిస్తారు. అడిగిన దానికంటే కొంచెం ఎక్కువే ఇవ్వండి, ఓపిక పట్టాల్సిన పని ఇది.

మార్చేటప్పుడు

రబ్బరు మధ్యలో గీతలు చెరిగి నున్నబడి, కింది తోలు కనపడబోతోందనగా మార్చాలి. తోలు బయటపడే దాకా ఆగితే ఇంత పనీ వృథా. హెయిర్ డ్రయ్యర్‌తో మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి, వెనక అంచు నుంచి నెమ్మదిగా లాగితే వస్తుంది. రాని చోట బలవంతం చేస్తే తోలు పొర కూడా లేస్తుంది, ఇంకొంచెం వేడి చూపించండి. పాత సొల్యూషన్‌ను 80 నంబర్‌తో తోలు కనిపించేదాకా తీసి మళ్లీ మొదటి నుంచి చేయాలి. ప్రతిసారీ గీకుడులో కొంత తోలు పోతుంది కాబట్టి మార్చిన ప్రతిసారీ బొటనవేలితో నొక్కి మందం చూసుకోండి.